ఈస్టర్ పాటకు చావు దరువు

పోయిన వారం స్టీఫెన్‌ను మనం బనియన్ మీద వదిలేసి వచ్చాం. శనివారం, మధ్యాహ్నం రెండున్నర, మందమర్రిలో కాకి కూడా బయటికి రాని ఎండ. గేటు లోపల తను, గేటు బయట డెబ్బై దాటిన ఒక పెద్దమనిషి. ఆయన పేరు మైసయ్య. చుట్టుపక్కల ఇరవై ఊళ్లలో డప్పంటే ఆయన పేరే చెప్తారు. భుజాన డప్పు, చేతిలో దాన్ని కొట్టే సిర్ర, మొహం నిండా కోపం. "చావు దరువు మీద దేవుని పాట కట్టిన కీబోర్డు స్టీఫెన్‌వు నువ్వేనా?" అని అడిగాడాయన. అవుననడానికి ధైర్యం చాలక, కాదనడానికి నోరు రాక స్టీఫెన్ గేటు గడియ పట్టుకుని నిలబడ్డాడు.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్లొద్దాం. స్టీఫెన్ బొగ్గు గనిలో లాంప్ రూం మనిషి. షిఫ్టుకు దిగేవాళ్లకు దీపాలిచ్చి, పైకొచ్చినవాళ్ల దగ్గర తిరిగి తీసుకుంటాడు. కడుపు నింపేది ఆ పనే గాని పేరు తెచ్చింది కీబోర్డు. పద్దెనిమిదేళ్లుగా మెత్తటి పాటలు, నెమ్మది పాటలు. స్టీఫెన్ పాట పెడితే ఏడ్చే పసిపిల్లలు కూడా నిద్రపోతారని భైంసా నుంచి చెన్నూరు దాకా పేరు. కచేరీకి వెళ్లినప్పుడల్లా పక్కన అరుణ్‌కుమార్ ఉండేవాడు. రిథమ్ ప్యాడ్ వాయించేది అతనే, స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని పాటను కూర్చేదీ అతనే.

మొన్న క్రిస్మస్‌కు ముందు ఉట్నూర్ సభలో కరెంటు పోయింది. కీబోర్డు మూగబోయింది. జనంలోంచి ఎవరో నూనె డబ్బా బోర్లించి దరువు వేశారు. అంతవరకు బుద్ధిగా కూర్చుని విన్న మూడు వందల మందీ లేచి నిలబడి, గొంతెత్తి పాడారు. పద్దెనిమిదేళ్లలో తన పాటకు ఒక్కరు లేచి నిలబడలేదన్న సంగతి స్టీఫెన్‌కు అప్పుడే తెలిసింది. తెలిశాక నిద్ర పట్టలేదు. కీబోర్డుకు గుడ్డ కప్పేసి, డప్పు కొన్నాడు. ఈస్టర్ కోసం "పొద్దుగాల పోయి చూస్తె" అని కొత్త పాట కట్టి, డప్పు మీద పాడి యూట్యూబ్‌లో పెట్టాడు.

ఇక చూడండి. ఉట్నూర్ జీపులవాళ్లు పాటను నెత్తిన పెట్టుకున్నారు. పాత అభిమానులు మాత్రం స్టీఫెన్ ఉన్నాడా పోయాడా అన్నట్టు వ్యాఖ్యలు రాశారు. పన్నెండేళ్లుగా ప్రతి పండక్కీ ఫోన్ చేసి మాట్లాడే భైంసా వినోద, "అన్నయ్యా, మీకేమైంది? జర పాత తీరుగనే పాడున్రి, మీకు పుణ్యముంటది" అని ఏడుపు గొంతుతో మెసేజ్ పంపింది. పాట వచ్చిన రెండో రోజు అరుణ్‌కుమార్ తన ప్యాడ్ సర్దుకుని వెళ్లిపోయాడు. సంఘం పెద్ద సుధాకర్, ఈ డప్పు గోల గుళ్లోకి రావాలా వద్దా అన్నది ఈస్టర్‌కు ముందొచ్చే మట్టల ఆదివారం ఆరాధన అయ్యాక తేలుస్తామన్నాడు. ఆ ఆదివారం రేపే. పైనుంచి డప్పు కళాకారుల ఎగతాళి. అది చావు దరువట! పీనుగును మోసుకెళ్లేటప్పుడు కొట్టే దరువు మీద ఈయన పండగ పాట పాడాడట!

ఇవన్నీ స్టీఫెన్ తట్టుకున్నాడు. తట్టుకోలేనిది ఒక్కటే. పాట విన్న రోజు నుంచి వాళ్ల అవ్వ, అంటే కన్నతల్లి సాయవ్వ, అతనితో మాట్లాడడం మానేసింది. ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. అన్నం వండుతుంది, చెప్పవలసింది కోడలు స్తుతితో చెప్పిస్తుంది, కొడుకు ఎదురైతే గోడ వైపు తిరుగుతుంది. సాయవ్వ తండ్రి భూమన్న ఒకప్పుడు డప్పు కొట్టేవాడు. బాప్తిస్మం తీసుకున్నాక దాన్ని మళ్లీ ముట్టుకోలేదు. వదిలేసిన డప్పును కొడుకు మళ్లీ తెచ్చాడనే ముసలామె కోపమని ఇంట్లోనూ సంఘంలోనూ అందరూ అనుకున్నారు. స్టీఫెనూ అదే అనుకున్నాడు. అందుకే తన డప్పును ఇంటికి తేకుండా బామ్మర్ది ఇంట్లో దాచుకున్నాడు.

ఇప్పుడేమో ఇంకో డప్పు తనంతట తనే గేటు దాకా నడిచివచ్చింది.

"ఎండల నిలబెట్టి మాట్లాడుతవా పిలగా?" అన్నాడు మైసయ్య.

స్టీఫెన్ గేటు తీశాడు. మైసయ్య వచ్చి వరండా మెట్టు మీద కూర్చున్నాడు. స్తుతి చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆయన తాగి, మూతి తుడుచుకుని, అప్పుడు మొదలుపెట్టాడు.

"మా ఊర్ల పర్శరాములు అని ఒకాయన పోయిండు. ముందుండి డప్పు కొట్టింది నేనే. మూడు దినాలు కాలే, ఎవడో ఆటోవాడు వాళ్లింటి ముంగట బండి ఆపి నీ పాట పెట్టిండు. లోపల పండుకున్న ఆయన పెండ్లాం ఉలిక్కిపడి లేచి, మళ్ల ఎవలను తీస్కపోతున్నరో అని వాకిట్లకు ఉరికొచ్చింది. ఆ ముసల్ది మూర్ఛపోతె మొఖం మీద నీళ్లు కొట్టింది కూడ నేనే."

స్టీఫెన్ తల దించుకున్నాడు. వ్యాఖ్యలు రాసినవాళ్లను తిట్టుకోవచ్చు, ఎగతాళి చేసినవాళ్ల మీద మూతి ముడుచుకోవచ్చు. దీనికేం చేస్తాడు? సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి.

"తెల్వక చేసిన కాకా. నీ పాదాల మీద ఒట్టు. గది చావు దరువని నాకు తెల్వనే తెల్వదు."

"తెల్వని పనిల చెయ్యెందుకు పెట్టినవ్? మీ తాతలు ఇడిచిపెట్టిన్రు, మంచిది. మీరు చదువుకున్నరు, కొలువులు చేస్తున్నరు, ఇంకా మంచిది. మళ్ల రావాలనిపిస్తె ఒక్కని దగ్గర కూసోని నేర్చుకోవాలె గదా? ఫోన్ల చూసి కొడితె అయితదా?"

"ఫోన్ల చూడలే కాకా."

"మరి ఎవలు నేర్పిన్రు?"

"ఎవ్వలు నేర్పలే. చెయ్యి పెడితె అదే వచ్చింది."

మైసయ్య అతన్ని కిందికీ పైకీ చూశాడు. అబద్ధమని తేల్చుకున్నట్టే కనిపించాడు. "సరే. గిప్పుడు పెట్టు చెయ్యి. నీ అబద్ధం ఏడిదాకొస్తదో చూస్త" అని డప్పు ముందుకు తోశాడు.

స్టీఫెన్ వంటింటి వైపు చూశాడు. లోపల సాయవ్వ చింతపండు కొడుతోంది. రాయి మీద చిన్న సుత్తి టక్ టక్‌మని ఆగకుండా పడుతోంది. ఈ కాలంలో అది పొద్దంతా వినిపించే చప్పుడే. దాన్ని బట్టే ఆమె ఎక్కడుందో, ఏ కోపంలో ఉందో స్టీఫెన్ లెక్కగట్టుకుంటూ ఇంట్లో తిరుగుతున్నాడు.

"ఎవలకు భయపడుతున్నవ్?"

"మా అవ్వకు" అన్నాడు స్టీఫెన్, దాచకుండా.

మైసయ్య మొహంలో మొదటిసారి కాస్త నవ్వు కదిలింది. "నలభై ఏండ్లు దాటినయ్ గదా నీకు" అన్నాడు. అని, లేచి వాకిట్లోకి వెళ్లి నాలుగు పాత పేపర్లు, ఎండిన కొబ్బరి మట్ట ముక్క ఒకటి వెలిగించి డప్పును మంట మీద తిప్పుతూ కాచాడు. చర్మం బిగిసేదాకా వేలితో మీటి చూసుకున్నాడు. స్టీఫెన్ చేతికిచ్చాడు. కుడిచేతికి లావాటి సిర్ర, ఎడమచేతికి సన్నటి పుల్ల. స్తుతి తలుపు దగ్గర నిలబడి అటు అత్తను, ఇటు మొగుణ్ని చూస్తూ రెండు చేతులూ నలుపుకుంటోంది.

స్టీఫెన్ కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు.

బరువైన నాలుగు దెబ్బలు, మధ్యలో అడుగు వేసినంత ఖాళీ, మళ్లీ నాలుగు. మైసయ్య చేదు మింగినట్టు తలూపాడు. అదే. నలుగురు భుజాన పాడె ఎత్తుకుని నడిచే దరువు. చాలు ఆపమని చెయ్యి పైకెత్తాడు.

స్టీఫెన్ కళ్లు మూసుకునే ఉన్నాడు కాబట్టి ఆ చెయ్యి చూడలేదు. బరువు దెబ్బలు ఒక్క క్షణం ఆగాయి. ఆ తర్వాత ఎడమచేతి పుల్ల లేచింది. సన్నగా, వడివడిగా, ఎవరినో తట్టి పిలుస్తున్నట్టు ఇంకో వరస మొదలైంది. అది తిరిగి తిరిగి వచ్చి, చివర గట్టిగా ఒక్క దెబ్బతో ముగిసింది.

మైసయ్య ఎత్తిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది. లోపల సుత్తి చప్పుడు ఆగింది.

"మళ్ల కొట్టు" అన్నాడు మైసయ్య. గొంతు మారింది.

స్టీఫెన్ మళ్లీ కొట్టాడు. మొదటి సగం, చిన్న ఆగుడు, రెండో సగం.

"గీ రెండోది పాటల లేదేంది?"

"స్టుడియోల మొత్తం కొట్టిన కాకా. మా అరుణ్ ముందటి ముక్కనే తీస్కొని, దాన్నే తిప్పి తిప్పి పాట పొడుగునా అతికిచ్చిండు. కంప్యూటర్ల గట్లనే చేస్తరు. పాట మూడున్నర నిమిషాలు దాటొద్దన్నడు. నాకు కూడ ఏదో కురచైనట్టు అనిపిచ్చింది గాని, వాళ్లకు తెల్వదా అనుకున్న."

"వానికేం తెలుస్తది! నీకేం తెలుస్తది!" మైసయ్య మెట్టు మీద దబ్బున కూర్చున్నాడు. "దరువు గాలిల నుంచి రాదు బిడ్డా. మొదటిది అందరికి వస్తది. గీ రెండోది నా జన్మల ఒక్క మనిషి చేతిలనే విన్న. అప్పుడు నాకు పదేండ్లు. ఆ మనిషి డప్పు ఇడిచిపెట్టినంక మళ్ల ఎవ్వల దగ్గర వినలే. నిజం చెప్పు. నీకు ఎవలు నేర్పిన్రు?"

"నేను నేర్పిన."

ఆ మాట వంటింటి గుమ్మంలోంచి వచ్చింది. సాయవ్వ నిలబడి ఉంది. చేతుల నిండా చింతపండు, మోకాళ్ల దాకా ఎగదోపిన చీర. ఇరవై మూడు రోజుల తర్వాత స్టీఫెన్ విన్న మొదటి మాట అది. అతని చేతిలోంచి సిర్ర జారి కింద పడింది.

మైసయ్య లేచి నిలబడి కళ్లు చిట్లించి చూశాడు. "భూమన్న బిడ్డవా? సాయివా నువ్వు?"

"అవునన్నా."

"ఆ దరువు మీ బాపుదే గదా?"

"మా బాపుదే."

ఆమె వచ్చి కొడుకుకు ఎదురుగా నేల మీద కూర్చుంది. అతన్ని సూటిగా చూసింది. గోడ వైపు తిరగలేదు. స్టీఫెన్‌కు అదే చాలనిపించింది. ఇక ఎన్ని తిట్లయినా తింటాననుకున్నాడు.

"నాకు ఒక తమ్ముడుండె" అంది సాయవ్వ. "నీకెన్నడు చెప్పలే. నాకు ఏడేండ్లు, వానికి రెండు. ఎల్లయ్య అని పిలుస్తుంటిమి. వాంతులు పట్టుకొని ఒక్క దినంల పోయిండు. పొద్దుగాల బాపు వాన్ని ఒళ్లె పెట్టుకొని కూసున్నడు. ఆ దినమే దొర ఇంట్ల పెండ్లి. డప్పు తీస్కొని రమ్మని మనిషొచ్చిండు. నా కొడుకు పోయిండయ్యా అని బాపు చెప్పిండు. నీ కొడుకు పోతె లగ్గం ఆగుతదా అన్నడు వాడు."

"పోయిండా?" స్తుతి గుమ్మంలోంచే అడిగింది.

"పోకుంటె ఊర్ల ఉండనిస్తరా బిడ్డా? పోరన్ని మా అవ్వ ఒళ్లె పెట్టి పోయిండు. పొద్దు గూకేదాక ఆడ పెండ్లి దరువు కొట్టిండు. ఈడ మా మేనమామ పోరన్ని బొంతల సుట్టుకొని తీస్కపోయిండు. డప్పు లేదు, సప్పుడు లేదు. ఊరందరి పీనుగలకు కొట్టిన మనిషి, కన్నకొడుకు పోతుంటె ఒక్క దెబ్బ కొట్టలేకపాయె."

మైసయ్య తల పక్కకు తిప్పుకున్నాడు. ఆయనకు ఆ కాలం తెలుసు. ఎవరూ వివరించనక్కర్లేదు.

"తెల్లారి నన్ను ఎంట తీస్కొని బొంద కాడికి పోయిండు. డప్పు తేలే. మట్టి మీద రెండు చేతులతోని కొట్టిండు. ముందుగాల పాడె తీస్కపోయే దరువు. తర్వాత ఆగిండు. దింపుడు కల్లం కాడ పాడె దించి, చెవుల పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తరు సూడు, గట్ల పిలిచిండు. ఎల్లయ్యా, ఎల్లయ్యా, ఎల్లయ్యా అని. పిలిచి, గీ రెండోది కొట్టిండు. గిదేం దరువు బాపూ అన్న. లేస్తడేమో సూస్తున్న బిడ్డా అన్నడు. తర్వాత కూడ ఒకటి రెండుసార్లు ఎవలో చిన్న పిల్లలు పోతె కొట్టిండు. ఆడ విన్నవేమో అన్నా నువ్వు."

"ఆడనే విన్న" అన్నాడు మైసయ్య. "మా చెల్లె పోయిన్నాడు."

స్తుతి పైట చెంగుతో కళ్లు తుడుచుకుంది. తాత డప్పు వదిలేయడం గురించి స్టీఫెన్ చిన్నప్పటి నుంచి ఆదివారం బడిలో ఎన్నిసార్లు విన్నాడో! దేవుని కోసం వదిలాడని సాక్ష్యాల్లో గొప్పగా చెప్పేవారు. అందులో ఈ పిల్లవాడు ఎక్కడా లేడు.

"మరి నాకెట్ల వచ్చిందవ్వా?"

"నీకు రెండేండ్లున్నప్పుడు జరమొచ్చింది. వానికి గూడ రెండే గదా. దవఖానల ఏశిన్రు. మూడు దినాలు నువ్వు కన్ను తెరువలే. నాకు పాణం పోయినట్టయింది. ప్రార్థన చేసిన. దాంతోని గూడ ఆగలే. నిన్ను భుజానేసుకొని నీ ఈపు మీద గా దరువు కొట్టుకుంట కూసున్న. చేతులు తిమ్మిరి పట్టినా ఇడువలే. మూడో దినం పగటీలి కన్ను తెరిచి, అవ్వా నీళ్లు అన్నవ్. అప్పటి సంది నీకు తల నొచ్చినా గదే కొట్టిన, నిద్ర రాకున్నా గదే కొట్టిన. నీ పెండ్లయినంకనే బంద్ చేసిన."

స్తుతి ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. మైసయ్య కూడా నవ్వాడు. స్టీఫెన్ మాత్రం నవ్వలేకపోయాడు. అడగాల్సింది ఇంకా మిగిలే ఉంది.

"గట్లయితె నాతోని మాట ఎందుకు ఇడిచిపెట్టినవ్? నీకు డప్పంటె గిట్టదని, నేను నిన్ను బద్నాం చేసిన్నని, ఇరవై మూడు దినాల సంది సచ్చిపోతున్న నేను."

"గా మాట అనకు!" సాయవ్వ గట్టిగా అరిచింది. అని, చింతపండు చేతులతోనే మొహం కప్పుకుంది. "డప్పు నన్నేం చేసిందిరా? మా బాపును ఒడ్లు కొలిచి బతికిచ్చింది గదే. ఆయనను పిలిపిచ్చినోడు చెడ్డోడు గాని డప్పేం చెడ్డది? నీ పాట విన్న. నువ్వు తీస్కపోయేదే కొడుతున్నవ్. లేపేది కొడతలేవు. అయిపోతది, ఇగ లేపుతడు, ఇగ లేపుతడు అని సూసిన. మళ్ల మొదలు నుంచి తీస్కపోవుడే. పాట అయిపోయేదాక తీస్కపోవుడే. నిన్ను లేపుకున్న దరువును నువ్వే సగంల కోసినవ్. ఊరంత, జీపులల్ల, ఆటోలల్ల గదే మోగుతున్నది. నీకేమన్న అయితదేమో అని నాకు భయమైంది. నీ మొఖం చూస్తె నాకు బొంతల సుట్టిన పోరడే కనబడ్డడు. ఎట్ల మాట్లాడాలె నీతోని?"

అంటే కోపం కాదన్నమాట. ఇరవై మూడు రోజులు ఇంట్లో గోడ వైపు తిరిగినది భయం. అది అర్థమవుతుండగా స్టీఫెన్ ఒళ్లంతా ఒక్కసారి తేలికైంది. కూర్చున్నచోటే వెనక్కి వాలి, గోడకు తల ఆనించి పెద్దగా ఊపిరి వదిలాడు. ఆ తర్వాత నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపొచ్చింది. నలభై నాలుగేళ్ల మనిషి, లాంప్ రూంలో ముప్పై మందిని గదమాయించే మనిషి, వాళ్లమ్మ ఒళ్లో తల పెట్టి ఎక్కెక్కి ఏడ్చాడు. ఆమె చేతిలోని చింతపండు అతని జుట్టుకు అంటుకుంది. ఇద్దరూ పట్టించుకోలేదు.

"నేను కొయ్యలేదవ్వా. నీ మీద ఒట్టు. మొత్తమే కొట్టిన."

"విన్న గదా ఇప్పుడు. అందుకే గదా బయటికొచ్చిన."

మైసయ్య గొంతు సవరించుకున్నాడు. వచ్చినప్పటి కోపం ఎక్కడికి పోయిందో, ఇప్పుడు పెళ్లి మాటలకు వచ్చిన చుట్టంలా హాయిగా కనబడ్డాడు. "చూడు పిలగా. మొత్తం కొడితె దీన్ని చావు దరువని ఎవ్వలంటరో నేను చూస్త. సచ్చినోన్ని లేపే దరువు ఇది. మీ పండుగ కూడ గదే గదా? నాకంత తెల్వదు గాని, అడుగుతున్న."

"గదే అన్నా" అంది సాయవ్వ. "అచ్చం గదే."

"అయితె ఫికర్ చెయ్యకు. మావోళ్లు ఈస్టర్ దినం మీ గుడి ముంగట కూసోని లొల్లి చేద్దామని అనుకున్నరు. నేను చెప్త వాళ్లకు. లొల్లికి వద్దు, డప్పులు కాచుకొని రాన్రి అని చెప్త. పదిమందిమి వస్తం. పర్శరాములు పెండ్లాన్ని కూడ తోల్కొస్త. మొదటిది విని భయపడ్డది గదా, రెండోది కూడ వినాలె."

స్టీఫెన్ ఆయన చేతులు రెండూ పట్టుకున్నాడు. అంత పెద్ద కళాకారుడు తిట్టడానికి వచ్చి తనతో కలిసి కొడతానంటున్నాడు. "కాకా, ముందుగాల నాకు నేర్పు. సక్కగ నేర్చుకుంట" అన్నాడు.

"నేర్పుత. మొదలైతె సిర్ర కింద పారెయ్యకు. లేపి కండ్లకద్దుకో."

స్టీఫెన్ సిర్ర తీసి కళ్లకద్దుకున్నాడు. స్తుతి చాయ్ పెట్టడానికి పరుగెత్తింది. ఇరవై మూడు రోజుల తర్వాత ఆ ఇంట్లో అందరూ ఒకేచోట కూర్చుని చాయ్ తాగారు. సాయవ్వ అడిగి మరీ ఇంకో అర గ్లాసు పోయించుకుంది. కొడుకును చూస్తూ, "ఎంత బక్కగైనవ్‌రా" అని దిగులుపడింది. స్టీఫెన్ మూడు కిలోలు పెరిగాడు. అయినా ఆ మాట అతనికి ఎంతో తియ్యగా వినిపించింది.

గ్లాసు కింద పెట్టి సాయవ్వ అంది, "అరుణ్‌కు ఫోన్ చెయ్. కోసినోడే అతికియ్యాలె. ఆ సగం పెట్టి పాట మళ్ల మంచిగ చెయ్యమని చెప్త."

స్టీఫెన్ తటపటాయించాడు. అరుణ్‌కుమార్ వెళ్లేటప్పుడు అన్న మాటలు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. పదిహేనేళ్లు నీ వెనక ప్యాడ్ వాయించి, చివరికి నూనె డబ్బాకు ఓడిపోయిన్నా అన్నా అని అడిగాడు. అయినా అవ్వ అడిగిన మొదటి పని. నంబర్ నొక్కి, అందరికీ వినిపించేలా స్పీకర్ పెట్టి అవ్వ చేతికిచ్చాడు.

అరుణ్‌కుమార్ మూడో రింగుకు ఎత్తాడు. వెనక కీబోర్డు చప్పుడు, ఎవరివో గొంతులు.

"అరుణ్, నేను సాయవ్వను మాట్లాడుతున్న బిడ్డా."

సాయవ్వ కన్నకొడుకుతోనే మాట్లాడడం లేదని కాలనీ అంతటికీ తెలుసు. "అవ్వా? మంచిగున్నవా?" అన్నాడు అరుణ్‌కుమార్ ఆశ్చర్యంగా.

"మంచిగనే ఉన్న. నా కొడుకు కొట్టిన దరువు నువ్వు సగం కోసినవట గదా. కోపం లేదు, నీకు తెల్వక చేసినవ్. ఆ సగం ఉన్నదా, పారేసినవా?"

"పారెయ్యలే అవ్వా. ఎట్ల పారేస్త? గా సగమే నాకు బాగ నచ్చింది."

స్టీఫెన్ మొహం విప్పారింది. స్తుతి "ప్రభువా, స్తోత్రం" అంది.

"అయితె రేపు పట్టుకొని రా. రెండు కలుపుదువు."

అవతల కీబోర్డు చప్పుడు ఆగింది. అరుణ్‌కుమార్ తలుపు వేసుకుని పక్క గదిలోకి వెళ్లినట్టుంది. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"అవ్వా, నేను గుడిలనే ఉన్న. స్టీఫెనన్నను పక్కకు పెట్టి ఈస్టర్‌కు నన్ను పాడమన్నడు సుధాకర్ సార్. గా సగం మీదనే నా పాట కట్టిన. కీబోర్డు మీద. రేపు ఆరాధన కాంగనే అందరి ముంగట పాడి వినిపిస్తున్న. నాతోని రాత కూడ రాయించుకున్నరు, దరువు నాదే అని."

మైసయ్య దిగ్గున లేచాడు. అతని వెనకే స్టీఫెనూ లేచాడు. ఇద్దరూ సాయవ్వ వైపు చూశారు. ఆమె ఫోన్ ఆపేసి, కొడుకు చేతిలో పెట్టి, ఇంకా చింతపండు జిగట వదలని చేతులను చెంబు నీళ్లతో కడుక్కుంది.

"స్తుతీ, ఆటో పిలువు" అంది.